అమ్మ నేస్తం నేసిన చీర

మా అమ్మ నేస్తం పోయింది. అరకు సంత నుంచి చింతపండు బస్తాలతో కనుమ దిగిన ఎడ్లబళ్లవాళ్లు కింద మా సొంతూరికి ఆ కబురు తెచ్చారు. మన్యం జ్వరమట. వింటూనే అమ్మ నూతి దగ్గరికి వెళ్లి తలమీంచి నీళ్లు పోసుకుంది. చుట్టపుచూపుగా వచ్చి ఉన్న మా అత్తగారు, "ఎవరు పోయారు వదినగారూ, మైలస్నానం చేస్తున్నారు?" అని అడిగారు. అమ్మ తడిబట్టలతోనే నిలబడి, "నా నేస్తం. మీ కోడలికి పాలిచ్చిన తల్లి" అంది.

ఆ మాట ఆమె బతికుండగా మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

మా నాన్న అరకు లోయలో ఉప్పు కొట్టు పెట్టిన కొత్తలో నేను పుట్టాను. అమ్మ బాలింత జ్వరంతో పడుకుంది, పాలు లేవు. కొట్టుకి పసుపు తెచ్చిన ఒక కొండ ఆవిడ నా ఏడుపు విని లోపలికి వచ్చింది. ఆమెదీ చంటిబిడ్డే. ఎవరినీ అడక్కుండా నన్ను ఒళ్లో వేసుకుని పాలిచ్చిందట. అమ్మ లేచి తిరిగేదాకా రోజూ వచ్చింది. తరవాత ఇద్దరూ కొండదేవత ముందు పువ్వులు మార్చుకుని నేస్తం కట్టుకున్నారు. అలా కట్టుకున్నవాళ్లు ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోరు. మేమూ ఆమెను నేస్తమ్మ అనే పిలిచేవాళ్లం.

సంతరోజు మా కొట్టు చూరుకింద కూర్చుని అడ్డపొగ కాల్చేది. చుట్టకి నిప్పున్న కొన నోట్లో ఉండగానే కబుర్లు చెప్పేది. చేతులు మాత్రం చెట్టునారని తొడమీద పేని దారం తీస్తూనే ఉండేవి. నేను జెర్రిని చూసి కేకపెడితే, "నా పాలు తాగిన గుంటవి, అరుత్తావేటి?" అనేది.

నా పెళ్లి కనుమ కింద మా సొంతూరు శృంగవరపుకోటలో జరిగింది. మన్యంలో సర్కారు మీద లేచిన పితూరీ అణిగిన కొత్త. కొండవాళ్లు దిగితే పోలీసులు ఆపి అడిగేవారు. "నా నేస్తం కూతురి పెళ్లికెల్తన్నాను" అని చెప్పుకుంటూ నేస్తమ్మ నడిచి వచ్చింది. పందిట్లోనే మూట విప్పింది. ఎరుపు, తెలుపు, నీలం చారల చీర. నార తీయడం, రంగులద్దడం, నేత, అన్నీ ఆమె చేతివే.

"గుంటకి కాదు, నీకే నేస్తం. ఈ గుంటకెంత వయసో మన నేస్తానికీ అంతే గదా" అంది.

మగపెళ్లివారి ఆడవాళ్లు నోటికి కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. "ఎవరీమె?" అన్నారు మా అత్తగారు.

అమ్మ నావైపు చూసింది. నా మెడలో ఇంకా తాళి పడలేదు. "మా కొట్టుకి పసుపు తెచ్చే మనిషండీ" అంది. చీర అందుకోవడానికి చేయి చాపలేదు.

నేస్తమ్మ దాన్ని మడిచి గుమ్మం పక్కన పెట్టింది. పెరట్లో పనివాళ్లతో కూర్చుని అన్నం తింది. నా గడ్డం పుణికి, పొద్దుండగానే వెళ్లిపోయింది. పెళ్లికూతురు తల వంచుకోవాలంటారు. ఆ రోజు నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇక సంతకి రాదనుకున్నాం. వచ్చింది. అమ్మ కొట్టులోంచి బయటికి రాలేకపోతే తానే లోపలికి వెళ్లింది.

"నీ నేస్తాన్నని సెప్పుంటే ఆ పెళ్లి సెడిపోయేది గదా. నాకు తెల్దేటి?" అంది.

"తప్పయిపోనాది నేస్తం" అని అమ్మ ఏడ్చింది.

"ఊరుకో. ఇప్పీడానికి మన నేస్తమేమైనా మూటేటి?" అని నేస్తమ్మ అడ్డపొగ వెలిగించుకుంది.

ఆ తరవాత మా అత్తవారు వచ్చినప్పుడల్లా ఆమె తనంతట తానే మా కొట్టు వైపు రావడం మానేసేది. రమ్మని మేం కబురు పెట్టలేదు. మమ్మల్ని ఎక్కువ సిగ్గుతో చంపింది అదే. చీర అమ్మ పెట్టె అడుగున ఉండిపోయింది. ఆమె కళ్లముందు ఒక్కసారైనా కట్టలేదు.

కబురు తెలిసిన మర్నాడు అమ్మా నేనూ కనుమ ఎక్కి ఆమె ఊరు వెళ్లాం. గుడిసె ముందు ఆమె కూతురు ఉంది. నా ఈడుదే, నాతో తల్లిపాలు పంచుకున్నది. ఆకుదొప్పల్లో చోడంబలి పోసి, "కొండెక్కి వొచ్చినారు, తాగండి" అంది.

అమ్మ ఇన్నేళ్లలో వాళ్లింట మంచినీళ్లయినా ముట్టలేదు. మట్టిలో కూలబడి దొప్ప రెండు చేతులా పట్టుకుంది. దొప్ప ఒరిగి అంబలి మోచేతులదాకా కారింది. నేస్తమ్మ కూతురు వంగి దొప్ప కింద తన చేయి ఆనించింది. అమ్మ తాగడం అయ్యేదాకా తీయలేదు.