పచ్చగానే వదిలేసిన వరుస

ఐదేళ్ళుగా ఒక సంగతి నన్ను పట్టుకుని వదలడం లేదు. బియ్యం కడుగుతుంటే గుర్తొస్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే గుర్తొస్తుంది. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే ఇంకా ఎక్కువ గుర్తొస్తుంది. మా ఆయనకు చెప్పలేదు. ఒక్క కడుపున పుట్టిన మా అక్కకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటాను. నేను చదివింది ఏడో తరగతి. రాత నెమ్మది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఇంట్లో నాకు కథలు బాగా చెబుతానని పేరు. ఎవరి పెళ్ళిలో ఏ కూర మాడింది, ఎవరు అలిగి ఏ మూల కూర్చున్నారు, కట్టుకున్న చీర రంగుతో సహా పదేళ్ళ తర్వాత కూడా చెబుతాను. ఈ ఒక్కటి మాత్రం ఏనాడూ చెప్పలేదు. ఇందులో చెడ్డమనిషిని నేనే.

సూర్యాపేటలో మా సేటుకు ఆఫీసు, దాని వెనక సామాన్ల గోదాము ఉండేవి. రైసు మిల్లులు రెండు. ఒకటి మిర్యాలగూడలో, ఒకటి కోదాడలో. రెండు వేల ఒకటిలో నేను ఆఫీసు ఊడ్చే పనికి చేరాను. ఊడుస్తూ ఊడుస్తూనే గోదాములో ఏది ఎక్కడుందో తలకెక్కింది. ఏ బేరింగు ఏ అరలో ఉంది, ఏ బెల్టు ఎప్పుడు తెచ్చారు, ఏ షాపువాడు నాసిరకం అంటగట్టాడు, అన్నీ. మెల్లగా చీపురు పోయి తాళాల గుత్తి చేతికొచ్చింది. మిర్యాలగూడ మిల్లు సూపర్‌వైజర్ సైదులు ఏం కావాలన్నా నాకే ఫోన్ చేసేవాడు. "అక్కా, బెల్టు తెగింది. పోయినసారి తెచ్చిన నంబరు జర చెప్పు" అనేవాడు. నేను దేన్నీ చూడకుండా చెప్పేదాన్ని. సేటు షాపుకు చెప్పేవాడు, సామాను వచ్చేది. వచ్చినవాళ్ళందరికీ సేటు నన్ను చూపించి, "మా ఆఫీసుకు రిజిస్టర్లు అక్కర లేదు, ఈమె ఉన్నది" అనేవాడు. ఆ మాట విన్న రోజు ఆటో ఎక్కేదాన్ని కాదు. నడుచుకుంటూ ఇంటికి పోయేదాన్ని. ఆ సంతోషం నడకలో ఇంకాసేపు ఉంటుందని.

ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. అప్పుడు కంప్యూటర్ వచ్చింది. దానితోపాటు స్వరూప వచ్చింది.

స్వరూపది కోదాడ పక్కన చిలుకూరు. తండ్రి గొర్రెలు మేపుతాడు. డిగ్రీ మధ్యలో ఆగిపోతే, జీతం మీద మిగతాది దూరవిద్యలో పూర్తి చేసుకుంటానని వచ్చిన పిల్ల. ఇరవై రెండేళ్ళుంటాయేమో. సూర్యాపేటలో కిరాయి గదిలో ఉండేది. కోదాడ వైపువాళ్ళ మాటలో కొంచెం ఆంధ్ర పలుకు కలుస్తుంది కదా, "అట్టాగా అక్కా" అనేది. నేను ఇంటికి పోయి ఆ "అట్టాగా"ను మూతి తిప్పుతూ అని మావాళ్ళను నవ్వించేదాన్ని. చూడండి, అప్పుడే మొదలైంది నాలో.

కొత్త పద్ధతి ఇదీ. మిల్లుకు ఏదైనా కావాలంటే అక్కడి కంప్యూటర్‌లో పెట్టాలి. అది ఇక్కడ సేటు ముందుకు వస్తుంది. సేటు సరేనంటే ఆ వరుస పచ్చగా మారుతుంది, మిల్లువాళ్ళ సెల్లుకు మంజూరైందని మెసేజ్ పోతుంది. అయితే మంజూరైనంత మాత్రాన సామాను బయలుదేరదు. ఆఫీసులో ఒకరు ఆ పచ్చ వరుసను తెరవాలి. పక్క గడిలో టిక్కు పెట్టాలి. షాపు పేరు ఎంచుకుని, కింద మూలనున్న బటన్ నొక్కాలి. అప్పుడే అది ఆర్డరై షాపువాడికి చేరుతుంది, వరుస నీలం రంగుకు తిరుగుతుంది. ఆ ఒకరు స్వరూప. మిల్లుల్లో ఎవరికీ ఈ రెండో మెట్టు సంగతి పట్టలేదు. మెసేజ్ రాగానే సామాను లారీ ఎక్కిందనుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళు. వెనకటిలా ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందని అడగడమే మానేశారు.

నా ఫోన్ మోగడం ఆగిపోయింది. ఎప్పుడైనా మోగితే ఇలా ఉండేది.

"మేడమ్ ఉన్నదా అక్కా?"

"ఏం, నేను లేనా?"

"నువ్వెందుకుండవు, గుట్ట లెక్క ఉంటవ్. గని ఇప్పుడు కంప్యూటర్ల పెడితేనే వస్తది గదా. నీ నెత్తిల పెడితే ఏమొస్తది?" సైదులు పకపకా నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఫోన్ పెట్టాక చాలాసేపు తాళాల గుత్తిని ఊరికే తిప్పుతూ కూర్చునేదాన్ని.

చాయ్ ముందు ఆమె బల్ల మీదికి పోయేది. ఉన్న ఒక్క కూలరూ ఆమె గదిలోనే. కంప్యూటర్ వేడెక్కకూడదట. సేటు నన్ను ఎనిమిదేళ్ళలో పేరు పెట్టి పిలవలేదు, "ఓ అమ్మా" అనేవాడు. ఆమెను మొదటి వారంలోనే "స్వరూపా" అన్నాడు. ఇవన్నీ ఎంత చిన్నవో నాకు తెలుసు. రాస్తుంటే సిగ్గేస్తోంది. కానీ నిజం చెప్పడానికి కూర్చున్నాను కదా. నన్ను కుళ్ళబెట్టినవి ఇవే.

పోనీ ఆమె నన్ను చిన్నచూపు చూసిందా? లేదు. అలా చూసినా బాగుండేది, నాకొక సాకు దొరికేది. మధ్యాహ్నం సేటు అన్నానికి ఇంటికి పోగానే నన్ను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టేది. "భయపడమాక అక్కా. ఇంగ్లీషు చదవక్కర్లేదు. పచ్చగుంటే టిక్కు పెట్టు. షాపు పేర్లు వరస తప్పవు, హైదరాబాద్ షాపు పైనుంచి మూడోది. కింద మూలకి నొక్కు. అయిపోయింది చూడు!" అనేది. నాకు ఇంగ్లీషు అక్షరాలు రాకున్నా చోట్లు గుర్తుంటాయి. రెండు రోజుల్లో పట్టేశాను. ఆమె చప్పట్లు కొట్టింది. "నువ్వు చదువుకునుంటే నాతో ఊడ్పించేదానివి అక్కా" అంది. ఆమె మెచ్చుకోలుగా అన్న ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఎందుకు దిగింది? ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. నేర్పిన మనిషి మీద అంత మంట ఎలా వస్తుంది? నాకు వచ్చిందన్న సంతోషం కంటే, నాకు రానిదొకటి ఆమె దగ్గరుండి, దాన్ని ఆమె దయతలచి ఇచ్చిందన్న కడుపుమంటే ఎక్కువైంది. నేను నేర్చుకున్న సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పొద్దని నేనే అన్నాను, నవ్వుతారని.

వానాకాలం పంట కోతలప్పుడు స్వరూప తల్లికి కోదాడ దవాఖానలో కంటి ఆపరేషన్ కుదిరింది. మూడు రోజుల సెలవు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, మిర్యాలగూడ మిల్లు రబ్బరు రోలర్లు అడిగింది. సార్ ఇంకా చూళ్ళేదు. రేపు పచ్చగవుతుంది. అది ఒక్కటే. నువ్వు నొక్కెయ్" అంది. తన పాస్‌వర్డ్ చెప్పింది, అన్నీ అంకెలే. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదని సేటు హుకుం. నా మీద నమ్మకంతో ఇచ్చింది.

వడ్ల పొట్టు ఊడేది ఆ రోలర్ల మధ్యనే. అరిగిపోతే మిల్లు ఆగినట్టే. మా మిషను వేరే దేశపుది, పక్క మిల్లుల రోలర్లు దానికి సరిపోవు. హైదరాబాద్ షాపువాడు ఆర్డర్ చూసుకుని తెప్పించాలి, నాలుగైదు రోజులు పడుతుంది. ఇవన్నీ నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మర్నాడు మధ్యాహ్నం ఆమె గదిలోకి పోయాను. కూలర్ వేసుకున్నాను. ఆ కుర్చీలో కూర్చున్నాను. వరుస పచ్చగా ఉంది. టిక్కు పెట్టాను. మూడో షాపు ఎంచుకున్నాను. అంతలో ఫోన్ మోగింది. సైదులు.

"అక్కా, ఓకే అయిందని మెసేజ్ వచ్చింది. ఇగ రంది లేదు. మేడమ్ వచ్చినంక పని ఎంత సాఫ్‌గ నడుస్తుందో! వెనకట నీతోని, సేటుతోని పదిసార్లు మొత్తుకునేది."

పదిసార్లు మొత్తుకునేదట. నాతో.

ఇంకా ఆర్డర్ పోలేదు, ఇప్పుడే పంపుతున్నా అనాలి. "మంచిది తీ" అన్నాను. ఫోన్ పెట్టాను. మౌస్ మీద చెయ్యి ఉంది. పెట్టిన టిక్కు తీసేశాను. తీసేశానని ఒత్తి చెబుతున్నాను, ఎందుకంటే చెయ్యకుండా వదిలేయడం వేరు, చేసింది వెనక్కి తీయడం వేరు. కంప్యూటర్ కట్టేసి, కూలర్ ఆపి, తలుపు దగ్గరగా వేసి వచ్చాను. ఒక్కసారి ఆమె పని ఆగితే చాలు, అప్పుడు వీళ్ళకు నేను గుర్తొస్తాను, అనుకున్నాను. ఆమె కొలువు పోవాలనుకున్నానా? లేదని చెప్పాలని ఉంది. చెప్పలేను.

తర్వాతి రోజు స్వరూప దవాఖాన నుంచి ఫోన్ చేసింది. తల్లి కన్ను వాచిందట, ఇంకో నాలుగు రోజులు ఉండాలట. "అక్కా, రోలర్లు అయినయా?" అంది. "అయినయ్, నువ్వు అమ్మను సూస్కో" అన్నాను.  

ఆ రోజుల్లో ఎప్పుడైనా నేను నొక్కవచ్చు. కుర్చీ అక్కడే ఉంది. బటన్ అక్కడే ఉంది. నేను రోజూ ఆ గది ముందు నుంచే గోదాముకు పోయాను.

స్వరూప పోయిన ఎనిమిదో రోజు మిర్యాలగూడ మిల్లు ఆగింది. మిల్లు ఆవరణ నిండిపోయి కొత్త వడ్లు దించుకోలేదు. పాలకీడు నుంచి వచ్చిన ట్రాక్టర్లు రోడ్డు మీద వరస కట్టాయి. వాన పడింది. రైతులు వడ్ల మీద టార్పాలిన్ పట్టాలు కప్పుకుంటూ సైదులును బండబూతులు తిట్టారని తర్వాత విన్నాను. రోడ్డు పక్కన పోసిన కుప్పలు తడిసి మొలకలొచ్చాయట. అవి ఎవరి కుప్పలో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదని అప్పుడు అనుకున్నాను.

సేటు స్వరూపను పిలిపించాడు. ఆమె దవాఖాన సంచీతోనే వచ్చింది. సేటు కంప్యూటర్ ముందు నిలబడి ఉన్నాడు. నన్నూ పిలిచాడు.

"ఏందమ్మా ఇది? నేను ఓకే చేసి వారమాయె. ఇంకా పచ్చగనే ఉన్నది."

"సార్, అక్కకి చెప్పిపోయాను సార్. అయిందని అక్క ఫోన్లో చెప్పింది."

సేటు కోపంలోనే నవ్వాడు. "ఎవలు, ఈమెనా? ఈమెకు మౌస్ పట్టుడన్న వస్తదా?"

"వస్తది సార్. నేనే నేర్పాను. కావాలంటే అడగండి సార్."

"ఏమమ్మా, నీకొస్తదా?"

స్వరూప నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. నేను అవునంటానని నమ్మి చూస్తోంది.

"నాకేమొస్తది సార్, ఏడోది చదివినదాన్ని. అండ్ల ఏమున్నదో నాకెట్ల తెలుస్తది? పిల్లనేమనకుండ్రి సార్. అమ్మకు బాగలేక పరేషాన్ల మర్చిపోయింటది."

ఆ చివరి మాట. నాకు రాదన్న అబద్ధం భయంతో వచ్చిందని సరిపెట్టుకోవచ్చు. జాలి చూపించినట్టు ఆ చివరి మాట ఎందుకన్నాను? ఆమెకు ఇంకో మాట మిగలకుండా చేయడానికే అన్నాను. చదువు లేకపోవడం జన్మంతా నాకు చిన్నతనంగానే ఉండేది. ఆ రోజు దాన్నే అడ్డం పెట్టుకున్నాను, అందరూ నమ్మారు. పైగా పాస్‌వర్డ్ మందికిచ్చానని నీ నోటితో నువ్వే చెబుతున్నావని సేటు ఆమె మీద ఇంకా ఎగిరాడు. స్వరూప బల్ల సొరుగులోని తన గిన్నె, పుస్తకాలు సంచీలో పెట్టుకుంది. గుమ్మం దాకా పోయి, "పోయొస్తా అక్కా" అంది.

ఆమె పోయాక సైదులు నాకు ఫోన్ చేస్తాడనుకున్నాను. చేయలేదు. హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. నేను కంప్యూటర్ రాని మనిషిని కదా, అలాగే ఉండాల్సి వచ్చింది. ఆయన ఒకసారి తప్పు షాపు ఎంచుకుంటుంటే వెనక నిలబడి చూశాను. తాళాలు తీసుకుని గోదాముకు పోయాను.

ఈ ఏడు, మన రాష్ట్రం వచ్చిన కొన్నాళ్ళకు, కోదాడ దగ్గరి అనంతగిరిలో చుట్టాలింటికి పోతూ, బస్సు మారడానికి కోదాడలో దిగాను. ఎరువుల షాపులోంచి "అక్కా!" అని కేక. స్వరూప. అక్కడ బిల్లులు కొడుతోంది. నన్ను చూసి పరుగున వచ్చింది. చాయ్ తాగించింది. డిగ్రీ ఏమైందంటే, "ఎక్కడయింది అక్కా, ఫీజు కట్టే దారి లేక అప్పుడే వదిలేశా" అంది. తర్వాత గ్లాసు కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఎప్పట్నుంచో నీకు చెబ్దామనుకుంటున్నా. ఆ రోజు సార్ ముందు నిన్ను ఇరికించాను. కొత్తగా నేర్చుకున్న పని నీ నెత్తిన పెట్టి పోవడం నాదే తప్పు. ఎక్కడో తప్పు నొక్కుంటావు, భయానికి రాదన్నావు. అంతేగా? మనసులో పెట్టుకోమాక."

ఐదేళ్ళు ఆమె నాకోసం సాకు వెతికి పెట్టింది. నన్ను క్షమించింది, నేను చేయని తప్పుకు. చేసిన దాని సంగతి ఆమెకు తెలియనే తెలియదు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. చాయ్ చల్లారింది. బస్సు హారన్ కొట్టింది.

"అంతే బిడ్డా" అన్నాను.

అది మూడో అబద్ధం. మొదటి రెండింటికీ కుళ్ళు కారణం. దీనికి అదీ లేదు. ఆమె కళ్ళలో నేను మంచిదానిలా ఉండిపోవాలన్న ఆశ, అంతే.

నాలుగు రోజులుగా ఇది రాస్తున్నాను. ఆమె చదివితే ఏమంటుందో తెలియదు. చదవాలని ఉంది, చదవకూడదని కూడా ఉంది. మీరు నన్ను మంచిదానివే అనకండి, అది అడగడానికి రాయలేదు. రాస్తుంటే ఛాతీలో ఏదో సడలింది, అంతవరకే. ఆమె పేరు మార్చాను. ఊరూ, పనీ, నేనన్న మాటలూ మార్చలేదు. నా పేరు కింద రాద్దామని రెండుసార్లు పెన్ను పెట్టాను. ఇంకా చెయ్యి రాలేదు.