వంటింటి గోడమీద ఆముదం మరక

నా చిన్నప్పుడు మా ఇంటికి ఏడాది పొడుగునా ఏదో ఒక పని ఉండేది. ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, కట్టాక దాన్ని నిలబెట్టుకోవడం ఎంత చాకిరీయో ఆ సామెత చెప్పినవాళ్ళు చెప్పలేదు. హిందీవాళ్ళ ఊరు ఖుర్సీపార్‌లో మాది పెంకుటిల్లు. వానలకు ముందు పెంకులు తీసి మళ్ళీ సర్దాలి. నాన్న పనిచేసే ఉక్కు ప్లాంటు నుంచి వచ్చి పడే ఎర్రదుమ్ము చూరు కాలవలో పేరుకుంటే తోడాలి. వానలు వెనకపట్టాక గోడల పాచి గీకాలి. క్రిస్మస్ దగ్గర పడితే సున్నం. డ్యూటీ దిగి వచ్చాక నాన్న ఇవన్నీ తానే చేసుకునేవాడు.

ఒక వానాకాలంలో మా అమ్మ జ్వరంతో పోయింది. ఆవిడ వంటింట్లో బొగ్గుల సిగిడీ పొయ్యి పక్కన పీట వేసుకుని, గోడకు తల ఆనించి కూర్చునేది. తలకి ఎప్పుడూ ఆముదమే. అలా ఆనీ ఆనీ గోడమీద అరచేతంత మరక పడింది. ఆ ఏడు క్రిస్మస్‌కి మా ఇంట్లో సున్నం వేయలేదు. నేను బడి నుంచి వచ్చి ఆ మరకకు చెంప ఆనించుకుని కూర్చునేవాణ్ణి. ఆముదం వాసన వచ్చేది. నాకు అమ్మ అంటే ఇక మిగిలింది అదే.

మరుసటి ఎండాకాలంలో నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. విజయనగరం వైపు నుంచి వచ్చిన ఆవిణ్ణి పిన్నీ అని పిలవమన్నారు. పిలిచాను, మొహం చూడకుండా. క్రిస్మస్‌కి నాన్న సున్నం నానబెట్టి, నీలిమందు కలిపి, వంటిల్లు కూడా వేసేశాడు. మరక కనబడకుండా పోయింది. ఆ రోజు నేను అన్నం తినలేదు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కానీ నూనె మరక సున్నానికి లొంగదు. గోడ ఆరిన కొద్ది రోజులకే పచ్చగా పైకి తేలింది. పరుగెత్తి మళ్ళీ చెంప ఆనించాను. వెనక్కి తిరిగితే పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూసి, అటునుంచి అటే పెరట్లోకి వెళ్ళిపోయింది.

పక్కింటి అత్తకి మాత్రం ఆ మరక కంట్లో నలుసైంది. "అదేటొదినా, కొత్త సున్నం మీద అలగ కనిపిస్తంది? సాకలి సోడా ఏసి రుద్దీసి మళ్ళీ ఒక పూత కొట్టు. సాఫ్ అయిపోద్ది," అంది.

పిన్ని సిగిడీలో బొగ్గులు కదుపుతూ, "ఉండనీ ఒదినా. గోడకేటి బరువా," అంది.

అంతే, ఆ మాట మళ్ళీ రాలేదు. తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ సున్నం పిన్నే వేసేది. ఆ చోట సోడా మాత్రం ఎప్పుడూ తాకించలేదు. మరక ఏటేటా కాస్త పలచబడుతూ తేలుతూనే ఉండేది. తను మాత్రం సిగిడీని గది మధ్యకి జరుపుకుని, నిటారుగా కూర్చుని వండేది. నడుం నొప్పని మూలిగేది గానీ గోడకి చేరగిలబడేది కాదు. నాకు అప్పుడే ఇదంతా అర్థమైందని చెప్పను. ఉండనిచ్చిందని మాత్రం తెలిసింది. మెల్లగా మొహం చూసి పిన్నీ అనడం అలవాటైంది.

పోయిన ఏడు పిన్ని పోయింది. పెంకులు ఎప్పుడో పోయి స్లాబు పడింది గానీ గోడలు అవే. మొన్న రంగులు వేయించడానికి సామానంతా జరిపించి, ప్రతి గోడా తడుముతూ తిరిగాను. పిన్ని తల ఆనిన మరక కోసం వెతుకుతున్నానని కాసేపటికి గాని నాకే తెలియలేదు. ఏ గోడమీదా లేదు. ఇన్నేళ్ళు ఈ ఇంటిని కాచుకున్న మనిషి ఎక్కడా తల ఆనించలేదు. రంగులవాళ్ళు చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చాను.

ఇప్పుడు మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా కుర్చీ గోడవారకి జరిపి, తల ఆనించుకుని కూర్చోమంటాను. మా కోడలితోనూ అదే పోరు. "గోడకి జిడ్డంటి గందా అయిపోద్ది మావయ్యా," అంటుంది.

అవనీ అమ్మా, అంటాను.