తల్లి వేషం కట్టిన మా మేనత్త

మా మేనత్త పోయిందని మొన్న మంగళవారం పొద్దున్న పలాస నుంచి ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. టెక్కలిలో నేను పాఠం మధ్యలో ఉన్నాను. పిల్లలతో "మా అత్త పోయింది" అన్నాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "నాటకాలామేనా టీచర్?" అని అడిగింది. ఏడుపు రావలసిన చోట నాకు గర్వం వచ్చింది.

ఆ పేరు ఆమెకి ఆలస్యంగా దక్కింది. మావయ్య నడిపిన నాటక సమాజం ఆయనతోనే పోతుందని అందరూ అనుకున్నారు. దినకర్మలు కాగానే అత్త, జీడిపిక్కలు ఒలిచి నల్లబడ్డ చేతులతో ఆయన డైరీ తీసి, ఆయన ఆడతానని ఒప్పుకున్న ఊళ్ళన్నిటికీ నాటకం ఆగదని కబురు పెట్టింది. ఆ తర్వాత పదకొండేళ్ళు నిర్మాత ఆమే. పగలు జీడి ఫ్యాక్టరీలో పని, సాయంత్రం రిహార్సల్. నందిగాం నుంచి హీరోని, డొంకూరు నుంచి హార్మోనిస్టుని పోగుచేసేది. అందరూ తిన్నాకే తను తినేది. నువ్వూ ఒక వేషం వెయ్యమంటే మాత్రం నవ్వేసేది.

"వొండేదాన్ని నాను. నానే ఇస్తరేసుకుని కూకుంటే మీకెవులు పెడతారు?"

ఒకసారి సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు మూలపేటలో, తల్లి పాత్ర వెయ్యవలసిన నటి జ్వరమొచ్చి రాలేకపోయింది. ఆ కబురు అందేసరికి జనం వచ్చి కూర్చున్నారు. మానేద్దామన్నాడు హార్మోనిస్టు. అత్త కాసేపు జనం వైపు చూసింది.

"మన కోసం ఈలు ఏట మానుకుని వొచ్చినారన్నయ్యా. తల్లి ఏషం నానేత్తాను. నీ హార్మనీ పెట్టి తియ్యి."

ఆ రాత్రి వాళ్ళతో కలిసి వెళ్ళిన నేనే ఆమెకి జడ విప్పి ముడి వేశాను. మెడ మీద చెమట చల్లగా తగిలింది.

ఆ నాటకంలో సముద్రం మీద వేటకెళ్ళిన కొడుకు తిరిగి రాడు. ఆ మాట విని తల్లి గుండెలు బాదుకుంటూ పద్యం ఎత్తుకోవాలి. అత్త ఎత్తుకోలేదు. మరిచిపోయిందనుకుని తెర పక్కనుంచి మొదటి మాట అందించాను. నా వైపు చూడలేదు. కొడుకు కోసం వండిన అన్నం గిన్నె మీద మూత సరిచేసి, దాని పక్కనే కూర్చుండిపోయింది. హార్మోనియం ఆగిపోయింది. ఆడవాళ్ళ వైపు ఎవరిదో ఒక ఏడుపు మొదలై, మెల్లగా అందరిలోకీ పాకింది.

అయ్యాక ఒక ముసలమ్మ వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. "నీ కొడుకు గాని పోనాడేటమ్మా?"

"నేదమ్మా. ఇంటికాడే ఉన్నాడు."

పద్యం ఎందుకు వదిలేశావని మర్నాడు నేనడిగాను.

"మీ మావ పోనప్పుడు నాను పద్యం పాడినానేటే? అన్నం మీద మూతెట్టి కూకున్నాను."

ఆ రోజు నుంచి తల్లి పాత్ర ఆమెదే. ఉద్దానంలో ఆమె ఆడని ఊరు తక్కువ. కిడ్నీలు పాడయ్యాక కూడా మానలేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్, మధ్య రోజుల్లో నాటకం. పక్క మంచాలవాళ్ళు అడిగి మరీ ఆమె చేత డైలాగులు చెప్పించుకునేవారు. ఇంక చాలు అత్తా అని మేమంటే, "మిసను కాడున్నంతసేపే నాను రోగిని" అనేది.

ఆఖరిసారి ఆడింది మా బడి వార్షికోత్సవంలో. నాటకం అయ్యాక సాయంత్రం ముఖం మీది రంగు కడుక్కోమని నీళ్ళు తెచ్చాను. వద్దంది. "ఇంటిదాకా ఉండనియ్యే."

అలాగే బస్టాండుకి నడిచాం. పలాస బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. తెల్లగా పౌడరు, కాటుక గీతలు, రూపాయి కాసంత బొట్టు. ప్లాట్‌ఫారం మీద మనుషులు తలలు తిప్పి చూస్తున్నారు. అత్త కొంగు సర్దుకుని, మెడ నిటారుగా పెట్టి, వాళ్ళందరి వైపూ తిరిగి చూసింది. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఆ ముఖం కనబడుతూనే ఉంది.