దొడ్డు బియ్యం, సన్నబియ్యం, ఒకటే గంజు

నేను మొట్టమొదట ఉద్యోగంలో చేరిన బడి పూర్వ విద్యార్థులు మొన్న ఒక ఆహ్వాన పత్రిక పంపారు. బంగారు రంగు అక్షరాలు, జగిత్యాలలో ఏసీ ఫంక్షన్ హాలు, ముఖ్య అతిథిగా నా పేరు. అన్నీ చదువుకుని మురిసిపోయి కళ్లద్దాలు తీయబోతుంటే, అడుగున సన్నటి అక్షరాల్లో ఇంకో మాట కనపడింది. అతిథులకు, దాతలకు భోజనాలు పై హాలులోనట, మిగతావారికి కింద షామియానాలోనట. కోరుట్లలో మా ఇంటి వాకిట్లో కుర్చీ వేసుకుని అది చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. వేరే ఏ బడివాళ్లు రాసినా ఊరుకునేదాన్నేమో గానీ, ఆ బడివాళ్లు రాస్తే ఎట్లా ఊరుకోను?

మాది సిరిసిల్ల. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని. రాయికల్ అవతల ఒక చిన్న ఊళ్లో టీచరుగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లుంటాయి, నోరు మాత్రం నలభై ఏళ్లది. బడి ఒకటే గానీ పిల్లలు ఒక్కటి కాదని మొదటి జెండా పండుగనాడే తెలిసింది. జెండా ఎగిరి, చాక్లెట్లు పంచగానే దొరల గడీ ఇంటి పిల్లలు, పెద్ద రైతుల పిల్లలు ఒక దారిన, చివరి వాడ పిల్లలు ఇంకో దారిన ఇళ్లకు పోయారు. కబడ్డీలో కూడా వాళ్ల జట్లు వేరే. మరుసటి ఏడు అందరూ తలా ఒక దోసెడు బియ్యం తేవాలని, అన్నీ ఒకే గంజులో, ఒకే పెద్ద గిన్నెలో వండి ఒకే వరుసలో కూర్చుని తిందామని పిల్లలకు చెప్పేశాను. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మా హెడ్మాస్టరు గారు “ఎందుకు మేడమ్, లేనిపోని లొల్లి” అన్నారు. ఆ మాటతో నా పట్టుదల ఇంకాస్త పెరిగింది.

ఇక్కడ నా పిరికితనం ఒకటి ఒప్పుకోవాలి. ఎవరు వండితే ఎవరు అభ్యంతరం చెబుతారోనని జడిసి, నేనే గరిట పట్టాను. మగ్గం ముందు కూర్చుంటే నా అంత మనిషి లేదు గానీ, అరవై మందికి వండిన చేతులు కావవి. పిల్లలు తెచ్చిన బియ్యమంతా ఒకే సంచిలో పోయించి, ఆ సంచి అట్లాగే ఎసట్లో గుమ్మరించాను. గడీవాళ్లవి సన్నబియ్యం, వాడ పిల్లలవి రేషను దొడ్డు బియ్యం. గంజి వార్చేసరికి సన్నవి మెత్తగా సంకటయ్యాయి, దొడ్డువి పంటికింద రాళ్లలా కటకటలాడాయి. పిల్లలు ఎవరి ముఖం వాళ్లు చూసుకున్నారు, సగం మంది తినకుండానే లేచిపోయారు. ఆ ఊళ్లో ఏడాది పాటు ఎవరింట్లో అన్నం మాడినా, ఉడకకపోయినా దానికి టీచరమ్మ బువ్వ అనే పేరే!

అంతటితో పోలేదు. ఒకప్పుడు ఊరినేలిన గడీ ఇంటి పెద్దావిడ, అప్పటికి పొలాల ఎవుసం మీదే బతుకుతున్నా మాట మాత్రం తగ్గనిది, మరుసటి జెండా పండుగ ముందు బడికి వచ్చి నా ఎదుట నిలబడింది. “కలువనియి కలిపితే గిట్లనే అయితది పంతులమ్మా. ఈయేడు మా పిల్లల బియ్యం వేరే గంజుల వండుండ్రి” అన్నది. తప్పు నా వంటదైతే, ఆవిడ దాన్ని ఊరి న్యాయంగా మార్చేసింది. రెండో గంజు పొయ్యెక్కిందంటే ఇక ఆ బడి ఎప్పటికీ రెండు బళ్లే.

ఆ మాట విన్న మా మూడో తరగతి పిల్ల తల్లి, చివరి వాడలో బీడీలు చేసుకుంటూ నాట్లకు, కోతలకు పోయే మనిషి, సాయంత్రం నా దగ్గరికి వచ్చింది. “మేడమ్, నువ్వు కలుపుడు తప్పు గాదు. ఒక్కపారే ఏసుడు తప్పు. దొడ్డుయి ముందుగాల నానవెట్టి ఎసట్ల ఎయ్యాలె. సగం ఉడికినంక సన్నయి ఎయ్యాలె. రెండు ఒక్కతీరుగ ఉడుకుతయి. మా ఇంట్ల గట్లనే వండుత” అన్నది. కూలికి పోయినచోట ఇచ్చిన సన్నబియ్యం, రేషను బియ్యం కలిపి వండుకునే ఇల్లాలి విద్య అది. నా చదువులో ఎక్కడా లేదు. అయితే నువ్వే వండు అన్నాను. ఆమె నా ముఖం చూసి, ఊరు ఒప్పుకోదని చెప్పబోయింది. ఊరి సంగతి నాకు వదిలెయ్యమన్నాను.

జెండా పండుగ రోజు ఆమె వండింది. మోదుగాకు విస్తళ్లు పరిచి, అందర్నీ ఒకే వరుసలో కూర్చోబెట్టాను. గడీ పెద్దావిడ మనుమడు, ఐదో తరగతి వాడు, ఆమె బిడ్డ పక్కనే కూర్చుని పప్పుచారు కలుపుకుంటుండగా వాడి అవ్వ గేటు దాటి వచ్చింది. నేరుగా వాడి దగ్గరికి పోయి నిలబడింది. వడ్డించే చేతులన్నీ ఆగిపోయాయి. రెక్క పట్టి లేపుతుందనుకున్నాను. ఆవిడ వంగి, వాడి విస్తట్లోంచి ఒక మెతుకు తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. ఇంకోటి తీసి నలిపింది. “ఉడికింది” అని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. వాడు ఇంకాస్త అన్నం అడిగాడు. ఆ ఏడాది నుంచే కబడ్డీ జట్లు చీట్లు వేసి కలిపాం, మండల పోటీల్లో మా బడి పేరు వినపడింది. నేనున్నన్నాళ్లూ ఆ గంజు ఒకటే.

ఆ ఐదో తరగతి వాడే ఈ పత్రిక పంపినవాడు. నిన్న ఫోను చేసి కడిగేశాను. వాడు నవ్వుతూ, “మేడమ్, గిప్పుడు రేషన్ల సుత సన్నబియ్యమే ఇస్తుండ్రు గద, ఇంక కలిపేదేమున్నది?” అన్నాడు. ఫోను పెట్టేశాక ఆ మాట చాలాసేపు నన్ను వదల్లేదు. నిజమే, అప్పుడు బియ్యం రెండు, గంజు ఒకటి. ఇప్పుడు అందరిదీ ఒకే బియ్యమయ్యాక గంజులు రెండు కావడమేమిటో, నా బుర్రకు ఎక్కడం లేదు.

ఆదివారం వెళతాను. ముఖ్య అతిథినే కాబట్టి నన్ను ఎవరూ ఆపలేరు. మేడ ఎక్కను. ఆ వంట చేసిన మనిషి ఇప్పుడు లేదు గానీ, ఆమె బిడ్డ వస్తుందట, షామియానాలో ఆ పిల్ల పక్కనే కూర్చుంటాను. ఆనాడు ఆ పిల్లవాణ్ణి వరుసలోంచి అవ్వ కూడా లేపలేదు. ఇప్పుడు నన్ను ఎవరు లేపుతారో చూస్తాను.