సారు చేతిగడియారం, నా పది పేజీల ఫైలు

సిరిసిల్ల సారు పోయిండని మొన్న పొద్దుగాల ఫోనచ్చింది. అబద్ధమెందుకు, ముందుగాల ఏడుపు రాలే, కోపమచ్చింది. ఆయనను తిట్టేది ఇంకా మస్తుండె.

నాకు సారు పడకపోతుండె. సారుకు నేను అస్సలే పడకపోతుండె. తెలంగాణ కొట్లాట రోజులల్ల కోరుట్లల ఒక కంప్యూటర్ సెంటర్ల ఇద్దరం పనిజేసినం. పుస్తకాలు టైపు కొట్టి, ఇది పేరు, ఇది పాఠం అని గుర్తులు పెట్టాలె. గా ఫైలునే ఎక్స్ఎంఎల్ అంటరు. ఏడోతరగతిల బడి ఇడిసిపెట్టిన నాకు గదంత నేర్పింది సారే. నేర్పుకుంటనే తిట్టేటోడు.

గా ఫైలుకెల్లి కావాల్సింది తీసుడు రెండు తీర్లు. ఎక్స్ఎస్ఎల్‌టి అనేది ఫైలంత మింగి, మార్చి బయటికిస్తది. సారు ఎక్స్‌క్వెరీ ముందుగాల ఏది యాడుందో పట్టిక కట్టుకొని, కావాల్సిన కాడికే పోతది. ఫైలంత మింగేది నాది. ఏది జల్ది అని రోజు లొల్లి.

కంప్యూటర్ల టైమును సారు నమ్మేటోడు కాదు. చేతిగడియారం ఇప్పి బల్ల మీద పెట్టి, ఒకటే పనిని మూడుసార్లు నడిపిచ్చి, మొదటిసారి టైమును కొట్టేసేటోడు. సిరిసిల్ల సాంచెల, గా మరమగ్గాల నడుమ పెరిగిన మనిషి.

"కొత్త పడుగు ఎక్కిచ్చినంక మొదటి జానెడు బట్ట లెక్కకు రాదురా. కుదురుకున్నంకనే సూడాలె" అనేటోడు.

సెంటర్ నడిపే సేటు ముందట పోటీ పెట్టిననాడు, ఎవ్వలకు తెల్వకుంట పెద్ద పుస్తకం తీసేసి, అదే పేరు మీద పది పేజీల ఫైలు పెట్టిన. సారుది పట్టిక కట్టుకునే లోపట నాది అయిపోయింది.

"సారూ, గడియారానికి చాబీ ఇయ్యలేదా?" అన్న. అందరు నవ్విండ్రు. సేటు నాదే ఖాయం జేసిండు.

పని అప్పజెప్పేనాడు బంద్. జగిత్యాల రోడ్డు మీద రాస్తారోకో. కరెంటు లేదు, ఇన్వర్టర్ గంటసేపే. అసలు పుస్తకం పెట్టంగనే నాది మెమొరీ అంత మింగి ఆగిపోయింది.

"అరే, క్యా హువా?" అని సేటు మీదికచ్చిండు. నౌకరి పోయినట్టే అనుకున్న.

సారు నన్ను జరిపి కూసోని తనది నడిపిచ్చిండు. ఇన్వర్టర్ కూత పెట్టకముందే ఆయనది అయిపోయింది.

"కరెంటు సక్కగ లేక ఆగింది సేటూ, వీని తప్పు లేదు" అన్నడు. నా చెవుల మెల్లగ, "పెద్ద పనిని పది పేజీలతోని కొలుస్తార్రా, దొంగ మొకపోడా?" అన్నడు.

తప్పైందంటే అయిపోతుండె. అనలే. కాపాడిండని ఇంకింత మండింది. సెంటర్ మూతపడ్డంక ఎన్నడు పలకరియ్యలే.

మొన్న రుద్రంగి మీదికెల్లి బస్సుల సిరిసిల్ల పోయిన. సారు పండుకున్నట్టే ఉన్నడు. గడియారం కిటికీల నడుస్తనే ఉంది.

"తప్పైంది సారూ" అన్న. అనుడుతోనే లేచిన. బయటికచ్చి చెప్పులు తొడుక్కున్న.

మొదటిసారిది లెక్కకు రాదని సారే అనేటోడు గదా. చెప్పులిప్పి మల్ల లోపటికి పోయిన.