హ్యాండిల్ తిప్పి చూడమన్న సూర్రావు బాబాయ్

రేపు తెల్లవారగానే నా టూరింగ్ బైక్ మీద ఒక్కదాన్నే కొయ్యూరు కొండల్లోకి బయల్దేరుతున్నాను. అందుకని ఈ సాయంత్రం బడిలో పాఠాలు చెప్పి రాగానే, వీడియో చూసుకుంటూ బండికి జీపీఎస్ నేనే బిగించుకున్నాను. తెర మీద మా నర్సీపట్నం కనిపించగానే గర్వంగా ఫొటో కూడా తీసుకున్నాను.

ఎదురింటి సూర్రావు గారు కృష్ణదేవిపేటకి షేర్ ఆటో నడుపుతారు. ఆయన వచ్చి కాసేపు చూశారు.

"హేండిలు ఓపాలి కుడేపుకి పూర్తిగా తిప్పమ్మా," అన్నారు.

"ఏటి బాబాయ్, గట్టిగానే బిగించాను కదా?"

"తిన్నగా ఉన్నప్పుడు బాగానే ఉంటాది. మలుపులో సూడాల."

తిప్పాను. బ్యాటరీ నుంచి లాగిన వైరు బిగుసుకుపోయి హ్యాండిల్ సగంలోనే ఆగిపోయింది. రేపటి ఘాట్ రోడ్డు మలుపులు గుర్తొచ్చి, పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చాను. ఆయన వైరు విప్పి, వదులుగా మళ్లీ కట్టి, రెండు వైపులా నా చేతే నాలుగుసార్లు తిప్పించారు.

థాంక్స్ చెప్పబోతే, "అదెందుకమ్మా? ఎల్లొచ్చాక ఓపాలి కనిపించు, సాలు," అని వెళ్లిపోయారు.

ఆ వీడియోలో హ్యాండిల్‌ని ఒక్కసారైనా తిప్పలేదని ఇప్పుడు తట్టింది. మీ బండిని ఇలా అడక్కుండానే చూసిపెట్టే వాళ్లున్నారా? నేనైతే తిరిగి రాగానే, మా ఇంటికంటే ముందు ఆయన గుమ్మం దగ్గరే ఆగుతాను.