సార్ పీల్చిన గ్లాసు

మా సార్ పోయారు. కాకినాడ నుంచి వాళ్ళావిడ ఫోన్ చేసినప్పుడు నేను బహ్రెయిన్‌లో, సీఫ్‌లోని మా హోటల్లో మధ్యాహ్నం సర్వీసుకు గ్లాసులు తుడుస్తున్నాను. "గుండె ఆగిపోయిందమ్మా, నీకు చెప్పాలనిపించింది" అని మాత్రం అనగలిగింది ఆమె. ఫోన్ పెట్టేశాక చేతిలోని గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాను. మరక లేదు. దాన్ని వరుసలో పెట్టి ఇంకోటి అందుకున్నాను. అతిథులు వచ్చే వేళయింది.

ఆయన మా హోటల్లో వైన్ల విభాగానికి పెద్ద. ఏ వంటకానికి ఏ వైన్ నప్పుతుందో అతిథికి చెప్పడం, సీసా తెరిచి ముందు తానే ఒక గుక్క వాసన, రుచి చూసి, బాగుంటేనే పోయడం ఆయన ఉద్యోగం. నాది జగిత్యాల వైపు పల్లె. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేనే. బాపు ఇక్కడే అస్కర్‌లో లేబర్ క్యాంపులో ఉంటూ, కాంట్రాక్టు పనులు చేస్తూ నన్ను హోటల్ మేనేజ్‌మెంట్ చదివించాడు. ఆ చదువుతో ఈ హోటల్లో సర్వీసులో చేరితే, సార్ నన్ను తన కింద పనికి అడిగి తీసుకున్నారు.

మొదటి వారం నేను పుస్తకం బట్టీ పట్టి వచ్చాను. ఆయన గ్లాసు ఇచ్చి ఏం వాసన వస్తోందని అడిగితే, మన ఊళ్ళలో దొరకని పళ్ళ పేర్లన్నీ గడగడా చెప్పాను.

"అవి ఎప్పుడైనా తిన్నావా?" అన్నారు.

"లేదు సార్."

"మరి నీకెలా తెలుసమ్మా? పుస్తకంలో వాసన చెప్పకు. నీ ముక్కులో ఉన్నది చెప్పు."

నేను మళ్ళీ పీల్చి, భయపడుతూనే, నేరేడు పండు అన్నాను. ఇంకోసారి పీల్చి, నానిన గొంగడి అన్నాను. ఆయన నవ్వలేదు. "గొంగడి. బావుంది. అలాగే చెప్పు" అన్నారు.

వాసనలు నేర్పడానికి ఆయనకు ప్రత్యేకమైన పాఠమేదీ లేదు. సెలవు రోజున సనాబిస్‌లో మసాలా దుకాణాల ముందు నడిపించేవారు. స్టోరులో అట్టపెట్టెను తడిపి, ముక్కు దగ్గర పెట్టుకోమనేవారు. బిరడా చెడితే వైన్‌కు సరిగ్గా ఆ వాసనే పడుతుందట. "దీన్ని నిద్రలో లేపి అడిగినా గుర్తుపట్టాలి" అనేవారు. నోట్లో పోసుకున్నది మింగకుండా ఉమ్మడం కూడా ఆయనే నేర్పారు. శుక్రవారం బాపును కలిసినప్పుడు ఈ సంగతి చెబితే బాపు నమ్మలేదు.

"గంత పైసలు పెట్టి కొన్నది ఉమ్ముతరా బిడ్డా? మీ హోటల్ల అందరికీ తల గిట్ల తిరిగిందా?"

ఆ మాట సార్‌కు చెబితే కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "మీ బాపును మా మేనేజరుగా పెట్టాలి" అన్నారు.

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన వైన్ ఒకటుంది. దక్షిణ ఫ్రాన్సులో ఒక కుటుంబపు ఎస్టేటు నుంచి వచ్చే ఎర్ర వైన్. మూడు రకాల ద్రాక్షలను విడివిడిగా పులియబెట్టి, తర్వాత కలుపుతారు. గ్రెనాష్ పండుతనాన్ని, వేడిని ఇస్తుంది. సిరా అనే ద్రాక్ష రంగును, మిరియపు ఘాటును ఇస్తుంది. ముర్వేద్ర్ నాలుకను పట్టుకునే గరుకు ఇస్తుంది. ఏ ఏడాది ఎండను బట్టి ఆ ఏడాది పాళ్ళు మారతాయి. హోటల్ ఒకసారి ఆయన్ను శిక్షణకు పంపినప్పుడు ఆ తోట చూశారు. నేలంతా గుండ్రటి రాళ్ళే, మట్టి కనబడదట. పగలంతా ఎండను తాగి, పొద్దు పోయాక కూడా ఆ రాళ్ళు తీగల మొదళ్ళకు వేడి పంచుతాయట. "చెప్పులు విప్పి నడిచాను. ఎస్టేటు యజమానురాలు నన్ను పిచ్చోణ్ణనుకుంది. పాదానికి తెలియంది నోటికేం తెలుస్తుందమ్మా" అనేవారు.

రెండేళ్ళ కిందట ఆయనకు జ్వరం వచ్చింది. తగ్గి డ్యూటీకి వచ్చారు. అంతా మామూలే అనుకున్నాం. ఒక మధ్యాహ్నం ప్యాంట్రీలో ఆయన లెక్క రాసుకుంటుంటే, ఆయన మోచేతి పక్కనే హాట్‌ప్లేటు మీద గుడ్డ ఒకటి పడి కాలుతోంది. గది బయట ఉన్న నాకు ఆ కమురు వాసన వచ్చింది. పరుగెత్తుకెళ్ళి గుడ్డను లాగి సింకులో పడేశాను. ఆయన అప్పుడు తలెత్తి చూశారు. గుడ్డను చూసి, నన్ను చూసి, లేచి తలుపు మూశారు.

"ఎప్పటి సంది సార్?"

"జ్వరం తగ్గినప్పట్నుంచి."

"డాక్టరేమన్నడు?"

"రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు." కుర్చీలో కూర్చున్నారు. "పులుపు తెలుస్తుంది, చేదు తెలుస్తుంది, గరుకు తెలుస్తుంది. అవి నాలుక పనులు. మిగతాదంతా గోడ. ఈ సంగతి బయటికెళితే నా ఉద్యోగం ఖలాస్. ఉద్యోగం పోతే వీసా పోతుంది. ఈ వయసులో ముక్కు లేనివాణ్ణి ఇంకెవరు పెట్టుకుంటారు?"

ఆ రోజు నుంచి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. సీసాలన్నీ ప్యాంట్రీలో ముందుగా నేనే తెరిచి వాసన చూసేదాన్ని. బాగుంటే మెడకు తెల్ల గుడ్డ చుట్టి, అందులో ఏ వాసనలున్నాయో ఆయనకు చెప్పేదాన్ని. చెడితే చుట్టకుండా పక్కన పెట్టేదాన్ని. ఆయన గుడ్డ ఉన్న సీసానే అందుకుని హాల్లోకి వెళ్ళి, అతిథి ముందు ఎప్పటిలాగే ముక్కు గ్లాసులో పెట్టి, కళ్ళు మూసుకుని, తల ఊపేవారు. నేను తలుపు సందులోంచి చూసేదాన్ని. ఎంత బాగా చేసేవారో అంత భయం వేసేది.

అలా నెలలు గడిచాక, ఆ ఎస్టేటు యజమానురాలే బహ్రెయిన్ వస్తున్నారని తెలిసింది. కొత్త వైన్ రుచి చూపడానికి మా హోటల్లో మధ్యాహ్నం విందు. దిగుమతిదారులు, పెద్ద అతిథులు ఒకే పొడవాటి బల్ల చుట్టూ. సార్ వారం ముందు నుంచే సరిగా తినలేదు.

"వేరే ఎవరైనా అయితే నటిస్తానమ్మా. ఆవిడ తీగ నుంచి సీసా దాకా దగ్గరుండి చేసిన మనిషి" అన్నారు.

"నేనున్న గద సార్."

"అదే ధైర్యం."

ఆ రోజు ప్యాంట్రీలో సీసాలు వరుసగా తెరిచాను. అన్నీ బాగున్నాయి. ఒక్కదాన్ని మాత్రం ముక్కు దగ్గరికి తేగానే ఆగిపోయాను. తడి అట్టపెట్టె. దాన్ని గుడ్డ లేకుండా బల్ల చివర పెట్టి, బదులుగా ఇంకోటి తెద్దామని కింద స్టోరుకు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి బల్ల చివర ఖాళీగా ఉంది. మేనేజరు చేతులు దులుపుకుంటున్నాడు. ఢిల్లీ వైపు మనిషి, ఎప్పుడూ హడావిడే.

"ఒకదానికి గుడ్డ కట్టడం మర్చిపోయావు. నేనే కట్టి మీ సార్ చేతికిచ్చాను. యల్లా, త్వరగా ప్లేట్లు పంపించు" అన్నాడు హిందీలో.

తలుపు తోసి చూశాను. సార్ అతిథులకు ఆ వైన్ గురించి చెప్పి, అప్పటికే తన గ్లాసులో గుక్కెడు పోసుకున్నారు. కళ్ళు మూసుకుని పీల్చారు. నోట్లో పోసుకున్నారు. పులుపు, గరుకు ఉండాల్సినట్టే ఉండి ఉంటాయి. బాగుందన్నట్టు తల ఊపి, యజమానురాలి గ్లాసు వైపు సీసా వంచబోయారు.

నేను హాలు దాటి వెళ్ళాను. విందు మధ్యలో నాలాంటివాళ్ళు ఆ బల్ల దగ్గరికి వెళ్ళకూడదు. అందరూ మాటలాపి చూశారు.

"సార్, పొయ్యకుండ్రి. ఖరాబైంది" అన్నాను మెల్లగా.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. వెనకాలే మేనేజరు వచ్చాడు. "నిన్నెవరు రమ్మన్నారు? ఆయన చూసి బాగుందన్నాక నువ్వెవరు? లోపలికి నడు. తర్వాత మాట్లాడతాను" అన్నాడు. పొరపాటు పడింది పిల్లేనని సార్ ఒక్క మాట అంటే సరిపోయేది. ఇంకో సీసా తెరిస్తే ఎవరూ పట్టించుకునేవారు కాదు. నేను కూడా అదే అంటారనుకున్నాను.

ఆయన సీసాను బల్ల మీద పెట్టారు. ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా చెప్పారు.

"ఈ అమ్మాయి చెప్పిందే నిజం. నాకు వాసన తెలియదు. జ్వరం వచ్చినప్పటి నుంచీ తెలియదు."

యజమానురాలు ఆయన గ్లాసు అందుకుని వాసన చూసి దూరంగా జరిపారు. "అవును, చెడింది" అన్నారు. తర్వాత ఆయన్నే చూస్తూ, "మరి ఇంతసేపూ నా వైన్ గురించి మీరు చెప్పిందంతా?" అని అడిగారు.

"పాత ఏడాదులవి నా జ్ఞాపకం. ఈ ఏడాదిది ఈ అమ్మాయి ముక్కు. గరుకు గురించి చెప్పింది మాత్రం నాదేనండి."

బల్ల మీద ఒకరిద్దరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నేను తెచ్చిన సీసా తెరవమని నాతో అన్నారు.

మర్నాడు పొద్దున మేనేజరు సార్ హాల్లో వేసుకునే కోటు తీసేసుకున్నాడు. కాంట్రాక్టు పూర్తయ్యేదాకా స్టోరులో ఉండమని, ఆ తర్వాత పొడిగించేది లేదని చెప్పాడు. హాలు పని నాకిచ్చాడు. అతని చేతిలోని ఆ కోటు వైపు చూడలేకపోయాను.

"మీరు నా మీద కోపం తెచ్చుకోలేదా సార్?" అని అడిగాను.

"దేనికి? నువ్వు రాకపోతే ఆవిడ ఏడాది కష్టాన్ని ఆవిడ గ్లాసులోనే పాడుచేసేవాణ్ణి. ఉద్యోగం ఎలాగూ పోయేదేనమ్మా. ఇలా పోవడమే నయం. రాత్రి నిద్ర పట్టింది."

ఆ మధ్యాహ్నమే యజమానురాలు విమానానికి వెళుతూ స్టోరుకు దిగి వచ్చారు. ఇంకా కలపని కొత్త ఏడాది వైన్లు మూడు చిన్న సీసాలు తెచ్చారు, ఒక్కో ద్రాక్షది ఒక్కోటి. "నేనెలా కలుపుతానో నాకు తెలుసు. మీ ఇద్దరైతే ఎలా కలుపుతారో చూడాలనుంది" అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

మేం కొలత గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆయన నాలుక మీద వేసుకుని, "నీళ్ళగా ఉంది, పట్టు లేదు. ముర్వేద్ర్ ఇంకొంచెం" అనేవారు. నేను వాసన చూసి, "ఇప్పుడు పొగ ఎక్కువైంది సార్, పండు మునిగిపోయింది" అనేదాన్ని. "అయితే గ్రెనాష్ పెంచు." పెంచితే ఆయనకు మెత్తనయ్యేది. తగ్గిస్తే నాకు వాసన మూగబోయేది. ఆయన కసిరారు, నేనూ ఊరుకోలేదు. చివరికి ఇద్దరం ఒకేసారి సరే అన్న కలయిక ఒకటి వచ్చింది. ఆ పాళ్ళు ఆవిడకు పంపాం. ఆవిడ వాటిని వాడుకున్నారో లేదో నాకు తెలియదు.

పంపే ముందు సార్ ఆ గ్లాసును తన ముందుకు లాక్కున్నారు. ముక్కు అంచు లోపలికి పోయేలా గ్లాసు వంచి, కళ్ళు మూసుకున్నారు. అక్కడ అతిథులు లేరు, మేనేజరు లేడు.

"ఏముందో చెప్పమ్మా" అన్నారు.

ఎండకు కాలిన బండ మీద మొదటి చినుకులు పడ్డట్టుందన్నాను. ఆయన నెమ్మదిగా ఊపిరి లోపలికి తీసుకున్నారు. మాగిన నేరేడు అన్నాను. మళ్ళీ తీసుకున్నారు. మిరియాలు, అడుగున ఎక్కడో కొత్త తోలు చెప్పులు అన్నాను. ఒక్కో మాటకూ ఆయన ఛాతీ నిండడం కనబడుతోంది. చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. నేను ఆగిపోయాను. ఆయన మాత్రం గ్లాసు దించకుండా అలాగే పీలుస్తూ ఉండిపోయారు.